ఆకాశమున పూడిక

1979వ సంవత్సరము జూలై నెల. నేనప్పుడు పందొమ్మిదేండ్ల వాడను. తెలుగునాట పల్లెపల్లెను ఒకే మాట కుదిపివేయుచుండెను: “స్కైలాబు పడుతుందట!” అమెరికావారు 1973వ సంవత్సరమున ఆకాశమునకు పంపిన ఆ ప్రయోగశాల బరువు సుమారు 77 టన్నులు. అందు నివసించిన చివరి వ్యోమగాములు 1974 ఫిబ్రవరిలోనే దిగివచ్చిరి. అటుపిమ్మట అది యజమాని విడిచిపోయిన ఇల్లువలె ఒంటరియై, తిరిగి తిరిగి, క్రమక్రమముగా క్రిందికి దిగుచు, ఎచ్చట కూలునో ఎవరును చెప్పలేని స్థితికి వచ్చెను. రేడియో వార్తలకు ఊరివారి ఊహలు తోడైనవి. మా పొరుగింటి వృద్ధుడొకడు, ఎటులైనను పోవు ప్రాణమేగదా యని, తన కోళ్ళన్నిటిని కోయించి బంధువులకు విందు చేసెను. జూలై 11వ తేది రాత్రి స్కైలాబు ముక్కలై హిందూ మహాసముద్రమునందును, పశ్చిమ ఆస్ట్రేలియాలోని జనసంచారము అంతగా లేని ప్రదేశములందును పడెను. ఒక్కరికైనను గాయము కాలేదు. మఱునాటి ఉదయమున ఆ వృద్ధుడు ఖాళీ గంప ముందు కూర్చుండి, “అది మన మీద పడనే లేదు గాని, నా కోళ్ళు మాత్రం పోయినయి నాయనా!” అని వాపోయెను.

ఆ సంగతి తలచుకొని నేను నేటికిని నవ్వుకొందును. కాని ఆ నవ్వు వెనుక ఒక ఆలోచన కలదు. నాడు మనము పడుదానికి భయపడితిమి. పడినది పడెను, కథ ముగిసెను. నిజముగా భయపడదగినది పడక పైననే నిలిచిపోవునది. అది నేడు మన తలలపై పేరుకొనుచున్నది. దానిని శాస్త్రజ్ఞులు అంతరిక్ష వ్యర్థమందురు. మన మాటలలో చెప్పవలెనన్న, అది ఆకాశమున చేరిన పూడిక.

విద్యార్థులారా! ఈ పూడిక ఎటుల చేరెనో మొదట తెలిసికొందము. 1957 అక్టోబరు 4వ తేదిన సోవియట్ రష్యావారు స్పుత్నిక్ అను తొలి ఉపగ్రహమును ప్రయోగించిరి. అది మూడు నెలలు తిరిగి, గాలి ఒరపిడికి కాలిపోయెను. మఱు సంవత్సరము మార్చి 17వ తేదిన అమెరికావారు వాన్‌గార్డు అను చిన్న గోళమును పంపిరి. పంపరపనసకాయంత పరిమాణము, కిలోన్నర బరువు. అది 1964లో మూగవోయెను. కాని నేటికిని భూమిచుట్టు తిరుగుచునే యున్నది. దానిని పంపిన తరము దాదాపు గతించినది. వారు విడిచిన వస్తువు మాత్రము మిగిలినది. మానవుడు పంపినవానిలో నేడు పైన నిలిచియున్న వస్తువులలో అదియే మిక్కిలి పాతది.

అది మొదలు ఎన్నియో దేశములు వేలకొలది ఉపగ్రహములను పంపినవి. ఒక్కొక్క ఉపగ్రహముతోడను రాకెట్టు చివరి దశయు, మూతలును, బిగింపు పట్టీలును, మరలును పైకి చేరినవి. పని ముగిసిన ఉపగ్రహములు శవములవలె తిరుగుచున్నవి. మిగిలిన ఇంధనము ప్రేలుటచే కొన్ని రాకెట్టు దశలు తునాతునకలైనవి. ఎండకు, చలికి పెచ్చులూడిన రంగుకూడ అచ్చట తిరుగాడుచున్నది. ఐరోపా అంతరిక్ష సంస్థ 2025వ సంవత్సరమున ప్రకటించిన అంచనా ననుసరించి, 10 సెంటీమీటర్లకు మించిన శకలములు 50 వేలకు పైగా, 1 సెంటీమీటరునకు మించినవి 12 లక్షలకు పైగా గలవు. రాడార్లును దూరదర్శినులును కనిపెట్టి వెంబడించుచున్న వస్తువులు 40 వేలు మాత్రమే. అనగా, చెత్తలో అధికభాగము మన కన్నులకు చిక్కనిది.

సెంటీమీటరు ముక్క ఏమి చేయగలదని మీరడుగవచ్చును. అచ్చట ప్రమాదము బరువునందు కాదు, వేగమునందున్నది. భూమికి చేరువ కక్ష్యలలో తిరుగు వస్తువు సెకనుకు 7 కిలోమీటర్లకు పైగా పోవును. ఆ వేగముతో హైదరాబాదునుండి విజయవాడకు 40 సెకనులలోపల చేరవచ్చును. ఎదురెదురుగా వచ్చు రెండు వస్తువులు తాకినప్పుడు ఆ వేగములు కూడి మఱింత ఘోరమగును. 1 సెంటీమీటరు లోహపుముక్క తాకిడి చేతిబాంబు ప్రేలుడుతో సమానమని శాస్త్రజ్ఞులు లెక్కించిరి. 1983 జూన్‌లో ఛాలెంజరు అను అంతరిక్షనౌక కిటికీ అద్దమునకు ఒక గుంట పడెను. పరీక్షించి చూడగా తగిలినది మిల్లీమీటరైనను లేని రంగుపెచ్చు! ఆ అద్దమును మార్చవలసివచ్చెను.

“భూమి ఆకర్షణశక్తి యున్నదిగదా, అవి యన్నియు పడిపోవలదా?” అని మఱొక ప్రశ్న. పడును, కాని ఎత్తునుబట్టి పడును. 400 కిలోమీటర్ల ఎత్తున పలుచని గాలి యింకను మిగిలియుండి వస్తువును వెనుకకు లాగును గాన, అది కొలది సంవత్సరములలో దిగివచ్చి కాలిపోవును. 800 కిలోమీటర్ల ఎత్తుననున్నదానికి శతాబ్దములు పట్టును. 36 వేల కిలోమీటర్ల ఎత్తున, భూమితో సమముగా తిరుగుచు నిలిచినట్లు కనబడు ఉపగ్రహములు ఎన్నటికిని తమంత తాము దిగిరావు. క్రిందిమెట్టును గాలియే ఊడ్చును. పైమెట్టును ఊడ్చువారు లేరు.

ఇంతకంటె విచారింపదగిన విషయమొకటి కలదు. ఈ చెత్త తనంత తానే పెరుగునది. 2009 ఫిబ్రవరి 10వ తేదిన సైబీరియాపైని, సుమారు 790 కిలోమీటర్ల ఎత్తున, పనిచేయుచున్న ఇరిడియమ్ అను అమెరికా ఉపగ్రహమును, ఎన్నడో మృతమైన కాస్మాస్ అను రష్యా ఉపగ్రహము ఢీకొనెను. రెండు వస్తువులు రెండువేలకు పైగా ముక్కలైనవి. ఆ ముక్కలలో ప్రతిదియు మఱొకదానిని తాకుటకు సిద్ధముగా తిరుగును. డోనాల్డ్ కెస్లర్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు 1978లోనే, తన సహచరునితో కలిసి, ఈ సంగతిని లెక్కకట్టి హెచ్చరించెను: చెత్త ఒక హద్దు మీఱినచో, క్రొత్తగా ఏమియు పంపకున్నను, తాకిడివలన ముక్కలు, ముక్కలవలన తాకిడులు పుట్టుచునే యుండును. అడవిలో ఎండిన ఆకులు చేరిన కొలది ఒక నిప్పురవ్వ చాలునుగదా!

ఇది యజాగ్రత్తవలన జరిగినది మాత్రమే కాదు. తెలిసి చేసినదియు కలదు. తమ ఆయుధబలమును పరీక్షింపగోరి కొన్ని దేశములు తమ ఉపగ్రహములనే తాము కొట్టి పగులగొట్టినవి. అమెరికా 1985లో ఆ పని చేసెను. 2007 జనవరి 11వ తేదిన చైనా 860 కిలోమీటర్లకు పైబడిన ఎత్తున తన పాత వాతావరణ ఉపగ్రహమును కొట్టగా, మూడువేలకు పైగా శకలములు పుట్టెను. వానిలో పెక్కు నేటికిని పైననే యున్నవి. 2021 నవంబరు 15వ తేదిన రష్యా అట్లే చేయగా, అంతర్జాతీయ అంతరిక్షకేంద్రమునందున్న ఏడుగురు వ్యోమగాములు తమ నౌకలలో తలదాచుకొనవలసివచ్చెను. ఆ ఏడుగురిలో రష్యావారును ఉండిరి!

పరుల తప్పు లెన్నునప్పుడు మన తప్పును దాచుట ఉపాధ్యాయునకు తగదు. 2001 డిసెంబరులో మన పి.ఎస్.ఎల్.వి. రాకెట్టు చివరి దశ యొకటి కక్ష్యలో ప్రేలి మూడువందలకు పైగా శకలములైనది. 2019 మార్చి 27వ తేదిన మన దేశమును ఒక ఉపగ్రహమును క్షిపణితో కొట్టినది. మన శాస్త్రజ్ఞులు వివేకముతో 300 కిలోమీటర్ల లోపు ఎత్తునే ఎంచుకొనిరి గాన శకలములలో అధికభాగము త్వరలోనే రాలిపోయెను. అయినను కొన్ని పై కక్ష్యలకు ఎగసి, అవి యన్నియు దిగివచ్చుటకు మూడేండ్లు పట్టెను. తగ్గించిన తప్పు పెంచిన తప్పుకంటె మేలు. కాని అది తప్పు కాకపోదు.

ఎక్కడో పైననున్న చెత్త మనకేల యని కొందఱనవచ్చును. కోస్తాతీరమున పుట్టినవారు ఆ మాట అనరు. 1977 నవంబరు 19వ తేదిన దివిసీమను ముంచిన ఉప్పెన వేలమందిని పొట్టన పెట్టుకొనెను. ఆ పెద్దల కడుపుకోత నేటికిని చల్లాఱలేదు. నేడు తుపాను సముద్రమధ్యమున పుట్టిన గడియనుండి దానిని వెంబడించి చూచు కన్నులు మనకు కలవు. ఆ కన్నులే ఉపగ్రహములు. సముద్రముపై వీచు గాలుల వేగమును కొలుచు మన ఓషన్‌శాట్ సుమారు 740 కిలోమీటర్ల ఎత్తున, అనగా చెత్త మిక్కుటముగానున్న బాటలోనే తిరుగుచున్నది. చేపలు ఏ దిక్కున దొరకునో తెలుపు సూచనలను హైదరాబాదులోని సముద్ర సమాచార కేంద్రము ఇట్టి ఉపగ్రహముల సాయముననే తీరమునకు పంపుచున్నది. ఒక రంగుపెచ్చో, ఒక మరముక్కయో ఆ కంటిని పొడిచినచో, నష్టపడువాడు ఆ చెత్తను వేసినవాడు కాడు; వేటకు పోవు పడవవాడు. కావుననే ఇది శాస్త్రవిషయము మాత్రమే కాదు, న్యాయవిషయమని నా అభిప్రాయము.

ఈ న్యాయము మన పల్లెలకు క్రొత్త కాదు. ఊరి చెఱువు ఒక్కనిది కాదు, అందఱిది. నీరందఱు వాడుకొందురు. కాని వేసవిలో చెఱువెండినప్పుడు ఇంటికొక మనిషి పాఱ, తట్ట పట్టుకొని వచ్చి పూడిక తీయవలెననుట పూర్వాచారము. రానివాని ఇంటికి పెద్దలు కబురు పంపెడివారు. వాడుకొనుట హక్కైనచో, శుభ్రపఱచుట ఋణము. హక్కును పట్టుకొని ఋణమును విడిచిన ఊళ్ళలో చెఱువులేమైనవో మీరే చూచియుందురు.

ఆకాశమున హక్కు కలదు. ఋణమును అడుగువారు కొఱవడిరి. 1967వ సంవత్సరపు అంతరిక్ష ఒడంబడిక ననుసరించి అంతరిక్షము సర్వదేశములకును స్వేచ్ఛగా వాడుకొనదగినది. అది ఏ దేశపు సొత్తును కాదు. కాని అందు తిరుగు వస్తువు మాత్రము పంపిన దేశపుదే. మృతమైనను, పగిలినను వారిదే. కావున ఒకరి చెత్తను వారి యనుమతి లేక మఱొకరు తీయరాదు. 1972వ సంవత్సరపు మఱియొక ఒడంబడిక ప్రకారము, వస్తువు భూమిపై పడి నష్టము కలిగించినచో పంపినవారు పరిహారమియ్యవలెను. 1978 జనవరిలో అణుశక్తి కొలిమిగల రష్యా ఉపగ్రహమొకటి కెనడాలో కూలగా, కొంతకాలము వాదులాడిన పిమ్మట రష్యా ఆ దేశమునకు 30 లక్షల డాలర్లు చెల్లించెను. కాని పైననే జరిగిన నష్టమునకు పరిహారము పొందవలెనన్న, ఎదుటివాని తప్పును నిరూపింపవలెను. కన్నులు లేని మృత ఉపగ్రహము వచ్చి ఢీకొన్నప్పుడు తప్పెవరిదని నిరూపింతుము? పడినదానికి చట్టము కలదు. పడనిదానికి చట్టము బలహీనము.

ఈ విషయమున నాకు తరచు వినబడు వాదములు మూడు. “ఆకాశము అనంతము, అందు నాలుగు ముక్కలెంత?” అనునది మొదటిది. ఆకాశము అనంతమే, కాని మనకు పనికివచ్చు కక్ష్యలు కొన్నియే. దేశమెంత విశాలమైనను బండ్లు బాటనే పోవునుగదా! అందఱును ఆ బాటనే రాళ్ళు పాఱవేసినచో, చుట్టునున్న మైదానము విశాలమని సంతోషించి ఫలమేమి?

“ముందుగా మురికి చేసినవారు ధనికదేశములవారు, వారే తీయవలెను. మనకేల ఆంక్షలు?” అనునది రెండవది. ఇందు సత్యము లేకపోలేదు. చెత్తలో అధికభాగము అమెరికా, రష్యా, చైనా దేశములదే. ఎక్కువ వేసినవాడు ఎక్కువ ఖర్చు భరించుట ధర్మము. కాని పొరుగువాడు చెఱువున పెంట పోసెనని మనమును పోయుదుమా? ఆ నీరు మన పిల్లలును త్రాగవలెను.

“శాస్త్రము నేడో రేపో ఉపాయము కనిపెట్టును” అనునది మూడవది. ఉపాయములు వెదకుచున్నమాట నిజము. 2018లో ఒక ప్రయోగమున వలవేసి పట్టు విధమును పరీక్షించిరి. 2024లో జపానువారి నౌక యొకటి పాత రాకెట్టు దశకు 15 మీటర్ల చేరువకు పోయి చూచివచ్చెను. అవి మెచ్చదగిన పనులే. కాని ఒక్కొక్క ముక్కను తెచ్చుటకగు ఖర్చు అపారము. పైగా, వైద్యుడున్నాడు గదాయని విషము త్రాగువాడు వివేకి యగునా?

చేయవలెనన్న చేయవచ్చుననుటకు మన శాస్త్రజ్ఞులే సాక్షులు. 2001నాటి ప్రేలుడునుండి పాఠము నేర్చి, వారు పని ముగిసిన రాకెట్టు దశలో మిగులు ఇంధనమును ఖాళీచేయు పద్ధతి నవలంబించిరి. 2023 మార్చి 7వ తేదిన మేఘా-ట్రాపిక్స్ అను ముసలి ఉపగ్రహమును నియమితముగా దింపి పసిఫిక్ మహాసముద్రముపై కాల్చివేసిరి. 2024 జనవరి 1వ తేదిన శ్రీహరికోటనుండి ఎగసిన పి.ఎస్.ఎల్.వి. చివరి దశను 650 కిలోమీటర్ల ఎత్తునుండి 350 కిలోమీటర్లకు దింపి, దానిపై ప్రయోగములు ముగించి, మార్చి 21వ తేదికి అదియు కాలిపోవునట్లు చేసిరి. ఆ ప్రయోగము కక్ష్యలో చెత్త మిగుల్చలేదు. 2030 నాటికి మన దేశపు ప్రయోగములన్నియు ఇట్లే చెత్తలేనివి కావలెనని మన అంతరిక్ష పరిశోధన సంస్థ సంకల్పించినది. 2023 జూలై 14వ తేదిన చంద్రయాన్-3 ప్రయోగమును దేశమంతయు కన్నులార్పక చూచినది. ఎదురుపడనున్న ఒక శకలమును తప్పించుటకై నాడు రాకెట్టును 4 సెకనులు ఆలస్యముగా వదలిరని ఎందఱెఱుగుదురు? చంద్రుని చేరబోవు బండి, ఎవరో పాఱవేసిన ముక్కకు దారి యిచ్చి నిలువవలసివచ్చెను!

కావున నా మనవి మూడు మాటలలో ముగింతును. మొదటిది: దింపు ఉపాయము చెప్పనివానికి ఎక్కించు అనుమతి యియ్యరాదు. పని ముగిసిన 25 ఏండ్లలోపల దింపవలెనని పూర్వము అనుకొనిరి. అమెరికా 2022లో తన సంస్థలకు ఆ గడువును 5 ఏండ్లకు తగ్గించెను. అన్ని దేశములును అట్లే చేయవలెను. రెండవది: ఉపగ్రహములను పగులగొట్టు పరీక్షలు ఇకమీదట ఎవరును చేయరాదు. 2022 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి సభలో ఇట్టి క్షిపణి పరీక్షలకు వ్యతిరేకముగా తీర్మానము వచ్చినప్పుడు 155 దేశములు ఔననెను. మన దేశము ఎటును ఓటువేయక తటస్థముగా నుండెను. దానికి పెద్దలు తలచిన కారణములుండవచ్చును. కాని తక్కువ ఎత్తున కొట్టి వివేకము చూపిన దేశము, ఇక ఎవరును కొట్టరాదని ముందు నిలిచి పలికినచో మఱింత శోభించునని నా నమ్మకము. మూడవది: వేసినవాని వంతునుబట్టి వ్యయము పంచుకొని, పాత చెత్తను తీయు పనిని దేశములన్నియు కలిసి చేయవలెను. ఇంటికొక మనిషి అను చెఱువు న్యాయమే ఇదియు.

2023 జూలైలో పశ్చిమ ఆస్ట్రేలియా సముద్రతీరమునకు ఒక పెద్ద లోహపు పీపా కొట్టుకొనివచ్చెను. అది మన దేశపు పి.ఎస్.ఎల్.వి. రాకెట్టు మూడవ దశ శకలము కావచ్చునని ఆస్ట్రేలియా అంతరిక్ష సంస్థ ప్రకటించెను. ఆ వార్త చదివినప్పుడు నాకు మా పొరుగింటి వృద్ధుడు జ్ఞప్తికి వచ్చెను. 1979లో పరులు పంపినది మనపై పడునని వణకితిమి; 44 ఏండ్లకు, స్కైలాబు పడిన ఆ దేశముననే, మనము పంపినది ఒడ్డున పడెను. వణకువారి వరుసనుండి పంపువారి వరుసకు మనము చేరితిమి. అది మనకు గర్వకారణమే. కాని పంపువాని బాధ్యత వణకువాని భయముకంటె పెద్దది.

విద్యార్థులారా! మీలో కొందఱు రేపు శ్రీహరికోటలో నిలిచి రాకెట్టులను పంపుదురు. అది ఎగసినప్పుడు ఊరెల్ల చప్పట్లు చఱచును. ఆ చప్పట్లనడుమ ఒక్క క్షణము, “దీని పని ముగిసిన తరువాత ఇది ఏమగును?” అని మిమ్ము మీరడుగుడు. తరగతి ముగిసిన పిదప బల్లక్రిందనున్న కాగితపుముక్కను తీసి బుట్టలో వేయువానికి ఆ ప్రశ్న కష్టము కాదు. నలుబదియేండ్లకు సమీపముగా పిల్లలకు పాఠము చెప్పిన అనుభవముతో చెప్పుచున్నాను: ఆ అలవాటు కాగితపుముక్కతోనే మొదలగును.